అక్షరాల అంగడి: లావు అక్షరం, లోపలి సందు

ప్రశ్న: హైవే పక్కన టిఫిన్ సెంటర్ పెడుతున్నాం. పేరు శ్రీకృష్ణ టిఫిన్స్. ఇంగ్లీషు పేరుకి మా అబ్బాయి గుండ్రాలూ నిలువు కడ్డీలూ అతికించినట్టుండే లావు ఫాంట్ ఎంచాడు, భలే ఉంది. తెలుగు కూడా అచ్చం అట్లాగే కావాలంటే నల్లటి ముద్దలా వచ్చింది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు పంపిన ప్రింటు చూశానండీ. డిజైనర్‌ని ఏమీ అనకండి, మీరడిగిందే చేసిచ్చాడు. ఇంగ్లీషు కేపిటల్ అక్షరాలు రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. మీ తెలుగు పేరు మూడంతస్తులది. శ్రీకి పైన గుడిదీర్ఘం, కింద క్రారవడి. కృకి సుడి. ష కింద ణ వత్తు. మూడడుగుల బోర్డులో ఇంగ్లీషు అక్షరం ఎత్తంతా తీసేసుకుంటుంది, తెలుగు అక్షరం ఒంటికి అందులో సగం దక్కితే గొప్ప. ఆ సగంలోకి అంతే లావు గీతను తోస్తే లోపలి సందులు పూడిపోతాయి. ప్రింటును గోడకు అంటించి గది ఆ చివర నుంచి చూడండి. ష లోపలి గీత కలిసిపోయి ప అయింది. శ్రీకృప్ణ టిఫిన్స్!

ఒంగోలులో నిచ్చెనెక్కి బ్రష్షుతో బోర్డులు రాసిన కాలంలో మేం ముందు కొలుచుకున్నది సందునే. గీత లావులో కనీసం సగమైనా లోపల మిగలాలి, లేదంటే బ్రష్షు మార్చాలి. కంప్యూటర్లో బ్రష్షు మార్చే పని లేదు కాబట్టి ఆ ఆలోచనే పోయింది.

ఇలా చేయించండి. తెలుగు పేరు ఇంగ్లీషు కంటే ఒక మెట్టు తక్కువ బోల్డులో పెట్టించండి, పక్కపక్కన రెండూ ఒకే లావులో ఉన్నట్టే కనిపిస్తాయి. అనేక్ తెలుగు అనే ఫాంట్‌లో లావు 100 నుంచి 800 దాకా మార్చుకోవచ్చు, వెడల్పు వేరేగా పెంచుకోవచ్చు. వెడల్పు పెరిగితే ష ఊపిరి పీల్చుకుంటుంది. రామభద్ర కూడా హెడ్డింగులకు గట్టి ఫాంటే గానీ దాన్లో లావు ఒక్కటే, తగ్గించుకోలేరు. నేనైతే బాలూ తమ్ముడు పెడతాను, టిఫిన్ సెంటరుకి తగ్గట్టు ఇడ్లీలా ఉబ్బి ఉంటుంది. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

ఇంకోమాట. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరానికి బాగా ఆనుతుందని బోర్డుల వాళ్లు చెప్పే లెక్క ఇంగ్లీషు కేపిటల్స్‌ది. తెలుగుకి ఒంటి ఎత్తు మాత్రమే కొలవండి, గుడినీ వత్తునూ కలపకండి.

ప్రశ్న: ఫ్యూచురా ఫాంట్ కంపాస్, స్కేలుతోనే గీశారని మా సార్ చెప్పారు. తెలుగు అక్షరాలు ఎలాగూ గుండ్రమే కదా, కంపాస్‌తో మొత్తం గీసెయ్యొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, గూడూరు

జవాబు: గీసి చూడమ్మా, ర దగ్గరే చిక్కుపడతావు. ఫ్యూచురాను గీసింది జర్మనీకి చెందిన పాల్ రెన్నర్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే బావర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. ఆయన తొలి గీతల్లో ఇంగ్లీషు చిన్న ఆర్ (r) అంటే ఒక కడ్డీ, పక్కన ఒక చుక్క, అంతే! అమ్మకానికొచ్చిన ఫ్యూచురాలో మామూలు ఆర్‌కే పెద్దపీట దక్కింది. జనం చదవాలి కదా. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలొచ్చిన ఫలకం మీదున్నది ఈ ఫాంటే.

అది కంపాస్ గీతలా కనిపిస్తుంది గానీ దాని వెనక కన్ను చేసిన సర్దుబాట్లు బోలెడు. చతురస్రం, వృత్తం ఒకే ఎత్తులో గీసి పక్కపక్కన పెట్టు, వృత్తం పొట్టిగా అనిపిస్తుంది. అందుకే ఇంగ్లీషు O అక్షరాన్ని పైకీ కిందికీ వెంట్రుకవాసి దాటిస్తారు. ఒకే లావులో గీసినా అడ్డగీత నిలువుగీత కంటే మందంగా అనిపిస్తుంది, దాన్ని కాస్త చెక్కుతారు. రెండు గీతలు కలిసే మూల నల్లబడుతుంది, అక్కడా సన్నం చేస్తారు. ఎంత బోల్డయితే ఈ బాధ అంత ఎక్కువ. మనకేమో తలకట్టు అక్షరాన్ని తాకే ప్రతిచోటా అలాంటి మూలే. మన లిపిలో కంపాస్‌కి నిజంగా లొంగేది సున్నా ఒక్కటే.

ప్రశ్న: గుడికి గెలాక్సీ గ్రానైట్ మీద దాతల పేర్లు చెక్కిస్తున్నాం. సన్న అక్షరాలా, లావువా?
– చీమకుర్తి నుంచి ఒకరు

జవాబు: లావువే. ఆ నల్లరాతిలో మెరుపు చుక్కలుంటాయని మీకు నేను చెప్పాలా? సన్న గీత వాటి మధ్య కనపడకుండా పోతుంది. అయితే అక్షరం చెక్కడానికి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టే ముందు రాయికి అంటించే రబ్బరు షీటు సంగతి గుర్తుంచుకోండి. అక్షరం కోసి తీసేశాక లోపలి ఖాళీల దగ్గర చిన్న ముక్కలు మిగులుతాయి. అవి మరీ చిన్నవైతే ఇసుక దెబ్బకి లేచిపోతాయి, ఆ చోటు కూడా గుంట పడుతుంది. ఠ, థ, ఘ ఉన్న పేర్లు ముందు నమూనా రాయి మీద కొట్టించి చూడండి.

ప్రశ్న: అమ్మాయి పెళ్లి శుభలేఖంతా ఇలాంటి బోల్డులో వేయించాలని మా వాళ్ల పట్టు. మీరేమంటారు?
– నెల్లూరు

జవాబు: వద్దు. వధూవరుల పేర్లకు సరే. ముహూర్తం, కల్యాణమండపం అడ్రసు మాత్రం మామూలు ఫాంట్‌లో వేయించండి. పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కునేది వాటి కోసమే.