గ్యాస్ బావులపై ప్రజాభిప్రాయ సేకరణ: మన మాట కాగితం ఎక్కాలంటే

ప్రశ్న: మా ఊరి పక్కన గ్యాస్ బావులు తవ్వుతారట. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో వేశారు. మొదటి బోరు వేసినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదే! ఇప్పుడు వెళ్లి ఏం చెప్పాలి?
- కొబ్బరి రైతు, కోనసీమ

జవాబు: మొదట వేసింది అన్వేషణ బోరు అయ్యుండాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ను 2020 జనవరిలో సవరించి అన్వేషణను బి2 కేటగిరీలో పెట్టారు. దానికి ఈ సభ అక్కర్లేదు. గ్యాస్ పడ్డాక ఉత్పత్తి కోసం తవ్వే బావులు మాత్రం ఇప్పటికీ ‘ఎ’ కేటగిరీవే, వాటికి సభ తప్పదు. రాష్ట్ర ప్రభుత్వం లీజు ఇచ్చినా, కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి విడిగా తెచ్చుకోవాలి. అన్వేషణను తప్పించడం సరికాదని మా అభిప్రాయం. 1995 జనవరిలో అంటుకుని రెండు నెలలు మండిన పాశర్లపూడి బావి తవ్వకంలో ఉన్నదే. ఏ పేరుతో తవ్వినా నేల కింద ఒత్తిడి ఒకటే.

ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజుల గడువుండాలి. సభకన్నా ఆ 30 రోజులే విలువైనవి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నివేదిక కలెక్టరేట్లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో చూడొచ్చు. తెలుగు సారాంశంతో సరిపెట్టుకోకండి, పట్టికలు పూర్తి నివేదికలోనే ఉంటాయి. ఇంగ్లిష్ వచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి భూగర్భజలాల పట్టిక తీయించండి. నమూనాలు ఏయే ఊళ్ల నుంచి తీశారో అందులో రాస్తారు. మీ ఊరు ఉందా? ఉంటే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), క్లోరైడ్ అంకెలు రాసుకుని, మీ బావి నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించి పోల్చండి. తాగునీటికి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా అని ప్రమాణం. తవ్వకానికి ముందటి రిపోర్టు చేతిలో లేకపోతే, రేపు బావి ఉప్పబడ్డాక “అది ముందునుంచీ ఉప్పే” అంటారు. అప్పుడు కాదనడానికి ఆధారం ఉండదు. తవ్వకపు మడ్డి వేసే గుంత పంట కాలువకు ఎంత దూరమో, దాని అడుగున షీటు పరుస్తారో లేదో కూడా చూడండి.

సభలో నినాదాలిచ్చి లేచొచ్చేస్తే మినిట్స్‌లో, అంటే సభలో ఏం జరిగిందో రాసే కాగితంలో, “కొందరు వ్యతిరేకించారు” అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. ఢిల్లీలో నిపుణుల కమిటీ చూసేది మినిట్స్‌నూ వాటికి కంపెనీ ఇచ్చిన జవాబునూ. “ఫలానా పేజీలో మా ఊరి నమూనా లేదు, తీయండి” అంటే దానికి జవాబు రాయక తప్పదు. అదే మాట కాగితం మీద రాసి రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో, లేవనెత్తిన అంశాలన్నీ తెలుగులో చదివి వినిపించి, ఆ అధికారి అదే రోజు మినిట్స్‌పై సంతకం చేయాలి. చాలా ఊళ్లలో ఆ వేళకు జనం వెళ్లిపోతారు. మీరు కదలకండి. మీ మాట చదవకపోతే అక్కడే లేచి అడగండి.

ప్రశ్న: సభ అయిపోయింది, అనుమతి కూడా వచ్చేసిందంటున్నారు. ఇంకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది, కానీ గడువు తక్కువ. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో 30 రోజుల్లోగా అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు, అది దాటితే తీసుకోరు. పరిహారం అడగని అప్పీలుకు ఫీజు వెయ్యి రూపాయలు. అనుమతి వచ్చిన సంగతి కంపెనీ స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. ఆ ముక్క కత్తిరించి తేదీతో దాచండి. అనుమతి కాపీ పంచాయతీకి కూడా పంపాలి, అందిన రోజు నుంచి 30 రోజులు దాన్ని అక్కడ ప్రదర్శించాలి. బోర్డు మీద కనబడకపోతే కార్యదర్శిని అడిగి షరతుల జెరాక్సు తీసుకోండి. బావి నడిచినన్నాళ్లూ అవసరపడేది ఆ కాగితమే.