కుందేలు తర్వాత పందా, మేకా? డిస్క్ ప్రయోగానికి ఏది?

వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్క్‌ను బాగుచేసే హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే జెల్) కుందేళ్లలో బాగా పనిచేసింది, తర్వాత పందా, మేకా, పరీక్ష కోసం డిస్క్‌ను ముందు ఎలా చెడగొట్టాలి అని మీరు అడిగారు.

పందిని పక్కన పెట్టండి. అది పెద్దదయ్యాక కూడా డిస్క్ మధ్యలో నోటోకార్డ్ కణాలు (పిండదశ నాటి వెన్నుకడ్డీ కణాలు) మిగిలే ఉంటాయి. మీ కుందేలుదీ అదే సంగతి. ఆ కణాలున్న డిస్క్ కొంత తనంతట తానే కోలుకుంటుంది, ఆ పేరేమో మీ జెల్‌కు వస్తుంది. మనిషిలో అవి చిన్నతనంలోనే పోతాయి. మేకలో, గొర్రెలో కూడా పెద్దయ్యేసరికి దాదాపు ఉండవు. అందుకే ఈడొచ్చిన మేకనే తీసుకోండి, పిల్ల వద్దు. నాలుగు కాళ్ల జంతువు నడుం మీద బరువేముంటుందని వైవాలో తప్పక అడుగుతారు. వెన్నును నిలపడానికి కండరాలు బిగబట్టడంతో డిస్క్ మీద నిలువు ఒత్తిడే పడుతుంది. మేక వెన్నుపూస అంత గట్టిగా ఉండటానికి కారణం అదే.

డిస్క్‌ను చెడగొట్టడానికి కత్తి గాటు పెట్టకండి. జెల్ ఆ దారినే బయటికొస్తుంది. యాన్యులస్‌ను (డిస్క్ బయటి గట్టి వలయాన్ని) మూసే జిగురును పరీక్షించేవాళ్లకే గాటు కావాలి. మీకు కాండ్రాయిటినేజ్ ఏబీసీ (డిస్క్ మధ్య భాగాన్ని కరిగించే ఎంజైమ్) సరిపోతుంది: 200 మైక్రోలీటర్లలో 1 యూనిట్. 12 వారాలకు మధ్యస్థంగా చెడుతుంది. 5 యూనిట్లకు పోతే డిస్క్ మరీ పాడవుతుంది, ఇక బాగుచేయడానికి మిగిలేది తక్కువ.

సూది 22 గేజ్. బయటి వ్యాసం 0.7 మిల్లీమీటర్లు, మేక డిస్క్ ఎత్తు సుమారు 4. అంటే ఆరోవంతు కన్నా కాస్త ఎక్కువ. 14 గేజ్ అయితే 2.1, సగం దాటింది. ఎత్తులో 40 శాతం మించితే సూదిపోటే డిస్క్‌ను చెడగొడుతుంది, మందు పని తేలదు.

సి-ఆర్మ్‌లో (అక్కడికక్కడే ఎక్స్‌రే చూపే యంత్రంలో) ముందు నుంచీ పక్క నుంచీ రెండు చిత్రాలు చూసి, రెండింట్లోనూ సూది మొన మధ్య భాగంలో ఉంటేనే తోయండి. ఒక్క చిత్రం నమ్మితే మొన యాన్యులస్‌లోనో ఎండ్‌ప్లేట్‌లోనో (డిస్క్‌కూ పూసకూ మధ్య పలకలోనో) దిగిపోతుంది. సిరంజి 1 మిల్లీలీటరుది, మర బిగించే రకం. మామూలుది ఆ ఒత్తిడికి ఊడి మందంతా గ్లవ్ మీద పోస్తుంది. సూదిలోనే పదుల మైక్రోలీటర్లు నిలిచిపోతాయి కాబట్టి ముందే నింపుకోండి. తోశాక ఒక నిమిషం ఆగి మెల్లగా లాగండి.

లెక్క తప్పడం ఇక్కడ మామూలే. మేకకు నడుం పూసలు కొన్నిట్లో 6, కొన్నిట్లో 7. త్రికం (నడుం కింది ఎముక) నుంచి పైకి లెక్కపెట్టి, ఆ చిత్రం దాచుకోండి. లేకపోతే ఎమ్మారైలో ఏ డిస్క్‌ను చూస్తున్నారో మీకే తెలియదు. ఎడమవైపు రూమెన్ (నెమరు వేసే జంతువుల పెద్ద పొట్ట) అడ్డొస్తుంది కాబట్టి 24 గంటలు మేత ఆపాలి. కఫ్ (గాలితో ఉబ్బి శ్వాసనాళాన్ని మూసే బుడగ) ఉన్న శ్వాస గొట్టం లేకుండా మత్తివ్వకండి, నెమరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెద్ద జంతువులకు మీ కాలేజీ ఐఏఈసీ (జంతు ప్రయోగాల నైతిక కమిటీ) ఆమోదం ఒక్కటే చాలదు, ఫైలు సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) దాకా వెళ్లాలి. ఆ నెలలు లెక్కలో వేసుకోండి.

ప్రతి మేకలో ఒక డిస్క్ ముట్టుకోకుండా, ఒకటి సెలైన్‌తో ఉంచి, స్థానాలు మేకమేకకూ మార్చండి. 6 మేకల్లో నాలుగేసి డిస్క్‌లు చేస్తే నమూనా 6, 24 కాదు.

చివరగా, టీ2 ఎమ్మారైలో డిస్క్ తెల్లగా మెరిసిందని ఫిర్మాన్ గ్రేడ్ (డిస్క్ ఎంత చెడిందో చెప్పే అంకె) తగ్గించేయకండి. హైడ్రోజెల్‌లో ఉన్నది నీరే, అదే మెరుస్తుంది. కొత్త మాట్రిక్స్ (కణాల చుట్టూ ఉండే పదార్థం) పుట్టిందో లేదో హిస్టాలజీలో (కణజాలపు పలచటి ముక్కల్ని మైక్రోస్కోప్‌లో చూసి) సాఫ్రనిన్-ఓ రంగు ఎరుపును బట్టి తేల్చండి.