నాన్న ఆర్టీసీ డ్రైవర్, నాకేమో స్టీరింగ్ అంటే భయం

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో వెబ్ డెవలపర్‌ని. నిజాంపేటలో అమ్మానాన్నలతో ఉంటున్నాను. నాన్న ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. నా కోసం సెకండ్ హ్యాండ్ ఆల్టో కొన్నారు. ఆయన పక్కన కూర్చుంటే చాలు, నా చేతులకు చెమటలు పడతాయి. ఒకరోజు ఎత్తు మీద ఇంజిన్ ఆగి బండి వెనక్కి జారింది. వెనక ఆటోవాడి హారన్, పక్కన నాన్న కేకలు. తర్వాత లైసెన్సు టెస్టుకెళ్తే హెచ్ ఆకారపు ట్రాక్ దగ్గర ఫెయిలయ్యాను. ఇంట్లో మాత్రం వాయిదా పడిందని చెప్పాను. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) గడువు నెలన్నరే ఉంది. ఆఫీసులో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత సైట్లకు మరమ్మతులు తప్ప కొత్త పని లేదు. రాత్రుళ్లు సొంత ప్రాజెక్టులు మొదలుపెట్టి సగంలో వదిలేస్తున్నాను. కరీంనగర్‌లో మా అక్క టైలరింగ్ షాపు కోసం నేను మొదలుపెట్టిన ప్రాజెక్టూ అంతే. రోజూ అన్నం దగ్గర నాన్న ‘ఏంట్రా విశేషాలు?’ అంటారు. ‘అన్నీ అయిపోవచ్చాయి’ అంటాను. నేనెందుకూ పనికిరానేమో అనిపిస్తోంది.

జవాబు: మీ ఉత్తరంలో డ్రైవింగ్, ఉద్యోగం, ప్రాజెక్టులు అని మూడు సమస్యలున్నాయి. నాకు వాటికంటే పెద్దగా కనిపించింది నాలుగోది, ఆ ‘అయిపోవచ్చాయి’. ఆ మాట అన్న ప్రతి రాత్రీ మర్నాటికి మీ మీద ఇంకాస్త బరువు పెరుగుతోంది. చేయని పని ఒక బరువు, చేసినట్టు చెప్పిన పని ఇంకో బరువు. ముందు ఈ రెండోదాన్ని దించుకోండి.

టెస్టు సంగతి నాన్నకు చెప్పేయండి. అన్నం దగ్గర వద్దు, అమ్మ మధ్యలో నలిగిపోతుంది. పొద్దున ఆయన కారు తుడుచుకునే వేళ మంచిది. ‘ఆ రోజు వాయిదా పడలేదు నాన్నా, ఫెయిలయ్యాను. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు’ అనండి, చాలు. కేకలేస్తారేమో, వేయనివ్వండి. ఫెయిలైనందుకు కాదు, దాచినందుకు ఆయనకు బాధ కలుగుతుంది. ఆ బాధ న్యాయమైనదే.

ఇక డ్రైవింగ్. ఇన్నేళ్లు బస్సు నడిపిన మనిషికి క్లచ్ ఎప్పుడు వదలాలో కాలికి తెలుసు కానీ నోటికి తెలియదు. అందుకే ‘క్లచ్! క్లచ్!’ అని అరుస్తారు తప్ప ఎంత వదలాలో చెప్పలేరు. మీ టీమ్‌లో సీనియర్ ఎవరైనా గిట్ (కోడ్‌లో మార్పులను భద్రపరిచే సాధనం) నేర్పబోయి ‘ఇదిగో, ఇలా కొట్టెయ్’ అని తనే టైప్ చేసేసిన రోజు గుర్తుందా? ఇదీ అలాంటిదే. పైగా బస్సులో డ్రైవర్ ఎత్తున కూర్చుంటాడు, రోడ్డంతా కనిపిస్తుంది. ఆల్టోలో ఆయనకే కొత్తగా ఉంటుంది.

కాబట్టి డ్రైవింగ్ స్కూల్లో చేరండి. వాళ్ల కారులో ట్రైనర్ కాళ్ల దగ్గరా క్లచ్, బ్రేక్ ఉంటాయి. బండి మీ చేయి దాటినా ఆయన ఆపగలడు. మీ వణుకు సగం అక్కడే తగ్గుతుంది. ఎత్తు మీద ఆగినప్పుడు ఏం చేయాలో ఆయనతో పదే పదే చేయించుకోండి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, ఫస్ట్ గేర్ వేసి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్‌ను మెల్లగా పైకి రానిస్తే ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కి బండి ముందుకు లాగినట్టవుతుంది. హ్యాండ్ బ్రేక్ వదలాల్సింది అప్పుడు, అంతకు ముందు కాదు. మీకు భయం ‘డ్రైవింగ్’ అంటే కాదు, ఆ రెండు మూడు క్షణాలంటే.

‘నేనుండగా ఇంకొకడి దగ్గరా?’ అని నాన్న నొచ్చుకుంటారు, తప్పదు. లైసెన్సు వచ్చాక మియాపూర్, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో నడపడం నువ్వే నేర్పాలి నాన్నా అనండి. అక్కడ ఆయనను మించిన గురువు మీకు దొరకడు, ఇది బుజ్జగింపు కాదు. రిటైరైన మనిషి కూడా, డ్యూటీ చార్ట్ లేక మీ విశేషాలతోనే రోజు గడుపుతున్నారు. ఆయనకూ ఒక పని కావాలి.

ఇంకోటి. కారు నేర్చుకోవడం వేరు, కారులో ఆఫీసుకెళ్లడం వేరు. పొద్దున తొమ్మిదింటికి నిజాంపేట నుంచి జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీకి వెళ్లడం చేయి తిరిగినవాళ్లకే విసుగు. దాన్ని మీ పరీక్షగా పెట్టుకోవద్దు.

ఉద్యోగం విషయంలో నేను మీతో ఏకీభవించను. పీహెచ్‌పీ 1995 నాటిదే, నిజమే. కానీ ప్రపంచంలో 40 శాతానికి పైగా వెబ్‌సైట్లు నడుస్తున్న వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ రాసిందీ అందులోనే. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ చదివి, తప్పెక్కడుందో పట్టుకుని, మిగతాది చెడిపోకుండా సరిచేయడం చిన్న నైపుణ్యం కాదు. అయితే అదే పనిలో నలిగిపోనక్కర్లేదు. కొత్త పనిలో చిన్న భాగమైనా ఇమ్మని మీ లీడ్‌ను అడిగారా? అడిగినట్టు ఎక్కడా రాయలేదు. ముందు అది చేయండి.

ప్రాజెక్టుల్లో అక్కది తప్ప మిగతావన్నీ పక్కన పెట్టేయండి. అవి మీరు చేయి తిప్పుకోవడానికి రాసుకున్నవి, వాటి విషయంలో మీరు ఎవరికీ బాకీ లేరు. అక్క మాత్రం ఎదురుచూస్తోంది. ఒకసారి ఆమెకు వీడియో కాల్ చేసి ఆర్డర్ల నోట్‌బుక్ చూపించమనండి. చాలామంది టైలర్ల దగ్గర పేజీకి ఒక గుడ్డ ముక్క పిన్ను పెట్టి, పక్కన కొలతలు, మూలన డెలివరీ తేదీ రాసి ఉంటాయి. ఆమె తేదీ కోసం పేజీలన్నీ తిరగేస్తుంటే కనక మీరు చేయాల్సింది అదొక్కటే. పేరు, ఫోన్ నంబరు, తేదీ, ‘ఈ వారం ఇవ్వాల్సినవి’ అనే ఒక జాబితా. లాగిన్, పేమెంట్, లోగో ఏవీ వద్దు. మీరు సగంలో ఆగేది వాటి దగ్గరే అని నా అనుమానం.

చెమటలు పట్టడం, గుండె దడ కారులోనే కాక ఆఫీసులో, నిద్రలో కూడా వస్తుంటే ఒకసారి సైకాలజిస్టును కలవండి. కారుకే పరిమితమైతే నాలుగు క్లాసులయ్యాక చూద్దాం.

అన్నిట్లోకీ తొందర పడాల్సింది ఎల్‌ఎల్‌ఆర్ విషయంలోనే. అది ఆరు నెలలే చెల్లుతుంది. దాటితే మళ్లీ మొదటికొస్తుంది. ఫెయిలైనవాళ్లు ఏడు రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి. అందుకని నాలుగైదు క్లాసులు కాగానే, గడువుకు రెండు మూడు వారాల ముందు ఉండేలా స్లాట్ బుక్ చేసుకోండి. టెస్టుకు నాన్నను తీసుకెళ్లాలా అంటే, ఈ ఒక్కసారికి వద్దు. స్కూలు కారులో, ట్రైనర్‌తో వెళ్లండి. ఏ తేదీన వెళ్తున్నారో మాత్రం ముందే ఆయనకు చెప్పి వెళ్లండి.