పిరమిడ్ లోపల ఏముందో తవ్వకుండా ఎలా తెలుసుకుంటారు?

పిరమిడ్ లోపల తవ్వకాలు ఎలా చేస్తారు, లోపలి మ్యాపు ఎలా గీస్తారు అని అడిగారు. నేను సర్వే ఇంజనీర్‌ని. ఈజిప్టులోని గీజాలో ఖుఫు అనే రాజు కట్టించిన పిరమిడ్ లోపలికి వెళ్లి చూశాను కాబట్టి దాని గురించే చెప్తాను.

ఇప్పుడు అక్కడ లోపల తవ్వడమంటూ దాదాపు లేదు. ఆ పని పాతకాలం వాళ్లు చేశారు. 1837లో హోవార్డ్ వైజ్ అనే బ్రిటిష్ సైనికాధికారి, లోపల ఖుఫు సమాధి ఉన్న రాజు గది పైనున్న అరల్లోకి వెళ్లడానికి మందుగుండు పెట్టి రాళ్లు పేల్పించాడు. కూలీల బృందాలు రంగుతో రాసుకున్న ఖుఫు పేరు అక్కడే బయటపడింది, కాదనను. కానీ ఆ రాళ్లను మళ్లీ ఎవరూ అతికించలేరు. నాకు గౌరవమంతా పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పీట్రీ మీదే. 1880–82లో ఒక పాత రాతి సమాధిలో కాపురం పెట్టి, కోణాలు కొలిచే థియోడొలైట్‌తో పిరమిడ్‌ను లోపలా బయటా కొలిచాడు.

లోపల కొలవడం ఎంత కష్టమో అక్కడికి వెళ్తేనే అర్థమవుతుంది. పైకెక్కే దారి ఎత్తు సుమారు 1.2 మీటర్లు, వాలు 26 డిగ్రీల పైనే. నడుం వంచి, చెక్క పలకల మీది అడ్డపట్టీలకు కాళ్లు తన్నిపెట్టి ఎక్కుతుంటే ఇక్కడ ట్రైపాడ్ ఎలా నిలబెట్టాలా అనే నా ఆలోచన. దానికి తోడు ఇవి ఒకవైపే తెరిచి ఉన్న దారులు. బయట తెలిసిన పాయింట్ నుంచి మొదలుపెట్టి లోపలికి పోతాం గానీ, అవతల చివర సరిచూసుకోవడానికి ఇంకో తెలిసిన పాయింట్ ఉండదు. మొదట్లో కోణం కాస్త తప్పినా లోపలికి పోయేకొద్దీ తేడా పెరిగిపోతుంది. సొరంగాల పనిలో మాకు ఎప్పుడూ ఉండే టెన్షన్ ఇదే. అందుకే లోపలి నుంచి మళ్లీ బయటికి కొలుచుకుంటూ వచ్చి రెండు లెక్కలూ కలుస్తున్నాయా చూస్తాం. లేజర్ స్కానర్ వచ్చాక పని వేగం పెరిగింది గానీ ఈ జాగ్రత్త తప్పదు.

మరి కంటికి కనపడని ఖాళీల సంగతి? దానికి మ్యుయాన్లు ఉన్నాయి. ఇవి కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే కణాలు, చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 10,000 చొప్పున మన మీద పడుతూనే ఉంటాయి. రాయి మందంగా ఉంటే తక్కువ దాటతాయి, మధ్యలో ఖాళీ ఉంటే ఎక్కువ దాటతాయి. పిరమిడ్లను ఇలా పరిశీలించే స్కాన్‌పిరమిడ్స్ అనే పరిశోధకుల బృందం, రాణి గది అని పిలిచే లోపలి గదిలో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ల మ్యుయాన్ల జాడ పట్టే ఫిల్ములు నెలల తరబడి ఉంచి లెక్కపెట్టింది. మరో రెండు రకాల డిటెక్టర్లతోనూ అదే తేలాక, రాజు గదికి తీసుకెళ్లే ఎత్తైన నడవా గ్రాండ్ గ్యాలరీ పైన కనీసం 30 మీటర్ల పొడవున ఖాళీ ఉందని 2017లో ప్రకటించారు. ఒక్క పరికరాన్ని నమ్ముకోకపోవడం నాకు బాగా నచ్చింది.

ఉత్తరం వైపు దొరికిన 9 మీటర్ల నడవా విషయంలోనూ అంతే. మ్యుయాన్లు చూపించిన చోటును రాడార్‌తో, అల్ట్రాసౌండ్‌తో సరిచూశారు. తర్వాత రాళ్ల అతుకు సందులోంచి 6 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ (సన్నని గొట్టం కెమెరా) పంపి ఫొటోలు తీశారు, 2023లో అందరికీ చూపించారు. రాయి ఒక్కటీ కదపలేదు.

తాపీ, బ్రష్ పట్టుకుని మట్టి పొరలు పొరలుగా తీసే తవ్వకం చూడాలంటే పిరమిడ్‌కు దక్షిణాన కూలీలు బతికిన ఊరి గురించి చదవండి. పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లేనర్ బృందం అక్కడ రొట్టెలు కాల్చిన బట్టీలు, పశువుల ఎముకలు వెలికితీసింది. పిరమిడ్ కట్టినవాళ్లు ఏం తిన్నారో, ఎలా బతికారో తెలిసింది అక్కడి నుంచే.