బాయి కాడికా, బాయి మీదికా

బిడ్డా,

నువ్వు పంపిన కథ, దాని వెనక పెట్టిన పెద్ద నోట్ రెండూ చదివిన. కథ గురించి జరంత ఆగి చెప్త, ముందుగాల ఆ నోట్ సంగతి మాట్లాడుకుందాం. మనం బావిని అనే "బాయి", ఆ రెండక్షరాల మాట ఏ దేశంల ఏ అర్థంతోని ఉందో నెట్ల దేవులాడి దేవులాడి ఇంత పొడుగు లిస్ట్ చేసినవ్, ఆఖరుకు "చూసిన్రా సార్, భాషలన్నీ ఒక్క తల్లి పిల్లలే" అని తేల్చినవ్. లిస్ట్ బాగుంది, కష్టపడ్డవ్, కానీ తేల్చింది మాత్రం ఒప్పుకోను.

మనిషి నోట్లకెళ్లి వచ్చే సప్పుళ్లు లెక్కకు గిన్నే, అన్ని భాషలోళ్లు వాటితోనే ఎల్లదీసుకోవాలె, గందుకే ఇంత చిన్న మాట ఏడ చూసినా ఏదో ఒక అర్థంతోని ఎదురొస్తనే ఉంటది. చైనీసుల బాయ్ అంటే తెలుపు, అదే మాట గొంతు మార్చి అంటే వంద, ఇంకో తీరుగ అంటే ఓడిపోవుడు. థాయ్‌ల ఆకు. వియత్నాం భాషల పాఠం. కజకులకు బాయ్ అంటే పైసలున్న ఆసామి. వీటికీ మన బాయికీ ఏ చుట్టరికం లేదు, ఒక్కతీరు వినవడుడు తప్ప. అంతకంటే ఎక్కువ వాటి గురించి చెప్పేది గూడ ఏం లేదు.

అసలు చుట్టరికం ఎట్లుంటదో చూడు. మన బాయి బావి నుంచి వచ్చింది, బావికి మూలం సంస్కృతంల వాపి. అదే వాపి గుజరాత్‌కు పోయి వావ్ అయింది, పాటన్ల రాణీ కీ వావ్ అని ఉన్నది సూడు, 2014ల యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వం లిస్ట్‌ల పెట్టిన్రు, గదే. ఢిల్లీ దిక్కు బావ్‌లీ అంటరు. మన వరంగల్ శివనగర్ల కాకతీయుల నాటి మెట్లబావి ముంగట నిలబడి చూస్తే పాటన్‌దానికీ దీనికీ పేరులనే గాదు, రాయి మీద రాయి పేర్చి నీళ్లకాడికి మెట్లు దించిన తీరుల గూడ పోలిక దొరుకుతది. ఇగ భాయ్. అది భ్రాత నుంచి వచ్చింది, ఇంగ్లీషోళ్ల బ్రదర్ గూడ ఆ వంశమే. అంటే భాయ్‌కీ బ్రదర్‌కీ వినుటానికి పోలికే లేకున్నా అవి పాలోళ్లు, బాయీ భాయ్ పక్కపక్కన నిలబడ్డా ఒకదానికొకటి ఏం గావు. ఫోన్ పెట్టేముందు మనం అనే బై ఇంకో కత, వెనకట ఇంగ్లీషోళ్లు "దేవుడు నీకు తోడుండాలె" అని చెప్పుకునే పొడుగు దీవెన అరిగి అరిగి గంత అయింది. చెవి చెప్పిందల్లా నమ్మి చుట్టరికాలు కలుపకు. రాసేటోళ్లకు ఈ యావ తొందరగ పడ్తది, పడ్డంక వదలది, ఊర్ల పేర్లకు మూలాలు చెప్పుకుంట తిరిగే పెద్దమనుషులు మన హన్మకొండల గూడ ఉన్నరు, మంచోళ్లే, కానీ వాళ్ల దగ్గర ఎక్కువసేపు కూసోకు.

మరి నీకు ఏది పనికొస్తది? మన జాగల ఒకదానికొకటి తగిలే బాయిలు పనికొస్తయి. మరాఠీల బాయి అంటే ఆడామె. ఝాన్సీ లక్ష్మీబాయి పేరుల ఉన్నది, ఇండోర్ రాజ్యం ఏలిన అహల్యాబాయి హోల్కర్ పేరుల ఉన్నది, ఆమె 1725ల పుట్టి 1795ల పోయింది, ఉన్నన్నాళ్లు దేశమంతా ఘాట్లు, గుళ్లు, బావులు కట్టించింది, అంటే బాయే బాయిలు తవ్విచ్చిందన్నట్టు. అదే మాటతోని బడిపిల్లలు పంతులమ్మను పిలుస్తరు, అదే మాట బొంబాయి అపార్ట్‌మెంట్లల్ల అంట్లు తోమే ఆమెకు పేరయింది. రాణికీ పనామెకూ ఒక్కటే మాట, పిలిచే గొంతే వేరు. మన మానుకోట దిక్కు తండాలల్ల ఆడోళ్ల పేర్లకు బాయి ఉండనే ఉంటది. తమిళంల ఇంకో తమాష, వాళ్ల లిపిల ప, బ, భ మూడింటికీ ఒక్కటే అక్షరం, గందుకే బిర్యానీ వండే భాయ్‌నూ, వాళ్లు పాయ్ అనే పండుకునే చాపనూ ఒక్క తీరుగనే రాస్తరు, చదివేటోడు పక్కనున్న మాటలు చూసి మనిషా చాపనా అని తెలుసుకుంటడు.

ఆ పక్కనున్న మాటల సంగతే నీకు చెప్పుదామని గింత రాస్తున్న. నీ కథ మొదటి పేజీల "నాయిన బాయికి పోయిండు" అని రాసి పక్కన బ్రాకెట్ల బొగ్గుగని అని పెట్టినవ్. ఆ బ్రాకెట్ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, నర్సంపేటోళ్లు చదివితే పొలానికి పోయిండనుకుంటరని నీ భయం. భయం నిజమే. కానీ మనోళ్లు మాట్లాడేటప్పుడు బ్రాకెట్లు పెట్టుకుంటున్నరా? ఎవుసం చేసేటాయన "బాయి కాడికి పోతున్న" అంటడు, సింగరేణిల చేసేటాయన "బాయి మీదికి పోతున్న" అంటడు. కాడికి అంటే మడి, మోటరు, ఒడ్డు మీద చెట్టు, సద్ది గిన్నె. మీదికి అంటే హాజరు, క్యాప్ ల్యాంపు, షిఫ్టు, కింద చీకటి. మీ భూపాలపల్లిల చిన్న పొలగాడు గూడ ఈ రెండిట్ల తప్పు పోడు. నువ్వు "బాయికి" అని మధ్యరకంగ రాసి, కాడనూ మీదనూ రెండిటినీ పారేసి, ఆ పోయినదాన్ని బ్రాకెట్ల మోసుకొచ్చినవ్. "నాయిన నైట్ షిఫ్టుకు బాయి మీదికి పోయిండు" అని రాయి, నర్సంపేటోళ్లకే గాదు, తిరుపతోళ్లకు గూడ అర్థమైతది, కాకుంటే రెండు లైన్లు పోయినంక అయితది, అయినా నష్టం లేదు, చదివేటోళ్లకు గా మాత్రం ఓపిక ఉంటది.

గనిని బాయి అనుడు ఊకెనే రాలే. 1871ల డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దిక్కు బొగ్గు ఉందని కనిపెట్టిండు, ఆ తర్వాత బొగ్గు తవ్వే కంపెనీ వచ్చింది, 1920ల దానికి సింగరేణి పేరయింది. పనికి పోయినోళ్లు చానామంది పల్లెటూరోళ్లు, భూమి తవ్వి లోపటికి దిగేదంటే వాళ్లకు ఎరుకైంది బాయే. నీళ్ల కోసం తవ్విన మాటను బొగ్గుకు గూడ వాడుకున్నరు. ఇంకోటి, 1952 మైన్స్ యాక్ట్ ప్రకారం ఆడోళ్లు భూమి లోపటి పనికి దిగొద్దు, 2019ల గానీ ఆ అడ్డు తీయలే. బాయిలకు బాయి దిగుడు మొన్నమొన్నటిదాంక నేరమన్నట్టు. ఇది నవ్వులాటకు చెప్తున్న, కథల పెట్టకు, మాటలతోని ఆడుకుంటున్నదని తెలిసిపోతది.

ఇప్పుడు నీ కథ. మూడో పేజీల ఒక్కటే లైన్ రాసి దాటేసినవ్, మీ అమ్మది పరకాల దిక్కు ఎవుసం ఇల్లని, పెండ్లై భూపాలపల్లి క్వార్టర్ల పడ్డదని. బిడ్డా, కథ ఆడుంది. ఆమెకు పుట్టినప్పటిసంది బాయంటే కాడ. పొద్దుగాల పోయిన మనిషి మాపటికి మట్టి కాళ్లతోని వచ్చే జాగ, ఎండకాలం పిల్లలు దుంకి ఈతకొట్టే జాగ. పెండ్లైనంక రాత్రిపూట మొగడు టిఫిన్ పట్టుకుని "బాయి మీదికి పోయొస్త" అన్నడు. ఆమె మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఆమెకు ఏం కండ్లకు కట్టింది? రాత్రి ఎవలో ఉరికొచ్చి "బాయిల ఏదో అయిందట" అంటే, పరకాల చెవితోని వింటే మోటరు కాలిందో, ఎవలన్న కాలుజారి పడ్డరో. భూపాలపల్లి చెవితోని వింటే వాడకట్టు మొత్తం గేటు కాడికి ఉరుకుతది. ఒక్కటే మాట, రెండు భయాలు. ఆమె చెవి ఎప్పుడు మారిందో పట్టుకో, గది రాస్తే నీ లిస్ట్‌ల ఉన్న దేశాలన్నీ అక్కెరలేదు.

అమ్మమ్మను గూడ ఊకె దాటెయ్యకు. వాళ్ల బాయి ఎండిపోయి పూడ్చేసిన్రు, బోరు ఏసుకున్నరు అని నువ్వే రాసినవ్. ఇప్పటికీ ఆమె "బాయి కాడికి పోతున్న" అనే అంటది కదా? అనాలె, ఎందుకంటే మా దిక్కు గూడ అందరం గట్లనే అంటం, బాయి లేని జాగకు బాయి కాడ అనే పేరు అట్లనే ఉన్నది, కొత్తగ వచ్చిన కోడండ్లు "బాయేది" అని అడిగితే బోరు చూపిస్తరు. అది ఒక పేరాకు సరిపోతది, ఎక్కువ లాగకు.

భాయ్‌కు వత్తు పెట్టాల్నా వద్దా అని అడిగినవ్. పలికే మనిషిని బట్టి పెట్టు. మండిబజార్ల ఉర్దూ ఇంటి మనిషి పలికితే వత్తు వినవడ్తది, పెట్టు. అదే దుకాణంల బేరం ఆడే మన పల్లెటూరాయన "జర తక్కువ చెయ్ బాయ్" అంటడు, ఆయనకు పెట్టకు. ఎవలు మాట్లాడుతున్నరో చెప్పకుండనే చెప్పినట్టైతది, పైసా ఖర్చులేదు.

ఇగ దిద్దెటోళ్లు. ప్రతి సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున, స్టేజీ ఎక్కి మన యాస మన భాష అని దండలేసి మాట్లాడినోళ్లే, మర్నాడు నీ కథ పేజీల పెట్టేటప్పుడు బాయిని బావి చేస్తరు, పోయిండును వెళ్లాడు చేస్తరు. లొల్లి పెట్టుకోకు, కానీ ఫోన్ చేసి ఒక్క మాట అడుగు, "బావి మీదికి వెళ్లాడు" అని ఎవలన్న అంటరా సార్ అని. మా దోస్తు ఒకాయన గట్ల అడిగితే అవతలాయన నవ్వి వదిలేసిండు. నవ్వనోళ్లు గూడ ఉంటరు, అప్పుడు కథ వాపస్ తీసుకో.

నోట్ తీసెయ్, చైనా తెలుపు, కజకుల ఆసామి ఇంకెప్పుడన్న వ్యాసానికి అక్కెరకొస్తరు. అమ్మను కూసొబెట్టి ఆ మొదటి నెల సంగతులు అడుగు, ఆమె అన్న మాట అన్నట్టే రాసుకో, మంచిగ చెయ్యకు. ఇంకోటి, నాలుగో పేజీల "గని పైకప్పు కుప్పకూలింది" అని రాసినవ్, అది పేపరోళ్ల మాట. లోపట పనిచేసేటోళ్లు దాన్ని ఏమంటరో మీ నాయినను అడుగు, డ్యూటీ దిగొచ్చి పండుకున్నప్పుడు గాదు, అన్నం తిన్నంక అడుగు.