గోల్స్ లెక్క చూసి చదువు మాన్పించకండి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్, అంటే ముందు వరసలో ఉండి గోల్స్ కొట్టే స్థానం. ఈ ఏడాది తన వయసు వాళ్ల టోర్నీల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది. చదువు ఆపేసి ప్రొఫెషనల్ అవుతానని పట్టుబడుతోంది. విదేశీ క్లబ్‌లో ట్రయల్స్ ఇప్పిస్తానంటూ ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. మావారు అసలు ఆటే వద్దంటున్నారు. ఏం చేయమంటారు? - ఓ తల్లి

జవాబు: ముందు ఆ డబ్బు సంగతి. ఇవ్వకండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్‌కు మారడానికి ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి తరలివెళ్లడం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. అంటే ట్రయల్స్‌లో మీ అమ్మాయి అందరినీ మెప్పించినా, మామూలుగా ఆ క్లబ్ ఇప్పుడు ఆమెను తీసుకోలేదు. లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆయన పేరు ఉందేమో వెతకండి. ఉన్నా సరే, ట్రయల్స్‌కు ముందే డబ్బు అడిగే మనిషిని దూరం పెట్టండి.

ఇక గోల్స్. పదిహేనేళ్లప్పుడు గోల్స్ ఎక్కువ కొట్టే అమ్మాయి చాలాసార్లు తోటివాళ్లకంటే ముందుగా ఎదిగిన అమ్మాయి అయి ఉంటుంది. పరుగులో ఎవరికీ అందదు కాబట్టి డిఫెండర్ల వెనక్కి బంతి వేస్తే చాలు, గోలే. రెండు మూడేళ్లలో మిగతావాళ్లూ ఎదుగుతారు. అప్పుడు ఆమెను నిలబెట్టేది, బంతి తన దగ్గర లేనప్పుడు ఏం చేస్తుందన్నది. తొంభై నిమిషాల మ్యాచ్‌లో ఫార్వర్డ్ కాళ్ల దగ్గర బంతి ఉండేది చాలా కొద్దిసేపు. మిగతా సమయమంతా డిఫెండర్ చూపు పడని వైపు నుంచి కదలడం, ఇద్దరి మధ్య ఖాళీని కనిపెట్టి అందులోకి సరిగ్గా సమయానికి చేరడం, బంతి పోతే ముందుగా తానే వెంటపడటం.

ఈసారి మ్యాచ్‌కు వెళ్లినప్పుడు బంతిని వదిలేసి మీ అమ్మాయినే చూడండి. పాస్ రాకముందే తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటోందా? అలవాటు లేని కాలి వైపు బంతి వస్తే షాట్ కొడుతోందా, కాలు మార్చుకునేలోపు అవకాశం పోగొట్టుకుంటోందా? తేలికైన గోల్ మిస్సయ్యాక తల వంచుకుని నిలబడిపోతోందా, మళ్లీ అదే చోటికి పరుగెడుతోందా? నేనైతే ఈ చివరి ప్రశ్నకే ఎక్కువ మార్కులు వేస్తాను. ఎంత గొప్ప స్ట్రైకర్ కొట్టిన షాట్లలోనైనా ఎక్కువ భాగం గోల్ కావు. అయిదారు మ్యాచ్‌లు గోల్ లేకుండా గడిచినా మళ్లీ షాట్ కొట్టే ధైర్యమే ఈ ఉద్యోగానికి అసలు అర్హత.

కోచ్ వేరే స్థానంలో ఆడిస్తే కంగారు పడొద్దు. ఇంగ్లండ్ క్రీడాకారిణి బెత్ మీడ్ 2015లో సండర్లాండ్ స్ట్రైకర్‌గా 12 గోల్స్‌తో తన దేశపు లీగ్‌లో అందరికంటే ముందు నిలిచింది. తర్వాత ఆర్సెనల్ క్లబ్‌లో వింగ్‌కు, అంటే మైదానం అంచు వైపుకు మార్చారు. 2022 యూరో కప్‌లో గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకిచ్చే అవార్డు), ఉత్తమ క్రీడాకారిణి అవార్డు రెండూ ఆమెకే వచ్చాయి, వింగర్‌గానే.

అదే మీడ్‌కు ఆ నవంబరులో మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది. 2023 వరల్డ్ కప్‌కు దూరమైంది. మహిళలకు తొలి బాలన్ డి ఓర్ (ఏడాది ఉత్తమ క్రీడాకారిణి అవార్డు) 2018లో అందుకున్న నార్వే స్ట్రైకర్ అడా హెగర్‌బర్గ్‌కు 2020 జనవరిలో ఇదే జరిగింది. తిరిగి మైదానంలోకి రావడానికి దాదాపు 20 నెలలు పట్టింది. ఆస్ట్రేలియా స్ట్రైకర్ సామ్ కెర్‌కు కూడా దాదాపు అంతే. మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఈ గాయం కొన్ని రెట్లు ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, దీన్ని కొంతవరకు నివారించొచ్చని చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాలు పడుతుంది. ఒంటికాలిపై నిలకడ, దూకి నేలకు దిగే పద్ధతి, తొడల బలం మీద పనిచేస్తుంది. మీ అమ్మాయి జట్టు ఇది చేస్తోందా అని కోచ్‌ను అడగండి. చేయకపోతే ఇంట్లో మొదలుపెట్టించండి.

ఇంకో సంగతి తల్లిగా మీరే అడగగలరు: నెలసరి సరిగ్గా వస్తోందా? సాధన పెరిగాక ఆగిపోతే అది ఫిట్‌నెస్‌కు గుర్తు కాదు. చేసే శ్రమకు తగ్గ తిండి అందట్లేదని శరీరం చెబుతున్నట్లు. ఎముకలు బలహీనపడతాయి. వెంటనే డాక్టరుకు చూపించండి.

సంపాదన విషయానికి వస్తే, 2025లో ఒలీవియా స్మిత్ అనే ఇరవయ్యేళ్ల ఫార్వర్డ్ కోసం ఆర్సెనల్ పది లక్షల పౌండ్లు చెల్లించిందన్న వార్త మీ అమ్మాయి చూసే ఉంటుంది. ఆ డబ్బు పాత క్లబ్‌కు వెళుతుంది, ఆటగత్తెకు కాదు. ఫిఫా లెక్క ప్రకారం ప్రపంచంలో మహిళా ప్రొఫెషనల్ సగటు జీతం ఏడాదికి సుమారు 10,900 డాలర్లే. పేరున్న కొద్దిమంది సంపాదన కలిపితేనే సగటు అంత ఉంది. ఒప్పందాలు చాలావరకు ఏడాది, రెండేళ్లవి. ముప్ఫై దాటాక ఆడేది కొన్నేళ్లే.

అందుకే చదువు ఆపొద్దంటున్నాను. బ్రెజిల్ ఫార్వర్డ్ మార్తా పద్నాలుగేళ్లకే ఇల్లు విడిచి వెళ్లింది కదా అని మీ అమ్మాయి అనొచ్చు. నిజమే, ఆమె వరల్డ్ కప్‌లలో 17 గోల్స్ కొట్టింది. కానీ పేద ఇంట్లో పుట్టిన మార్తా ముందు వేరే దారి పెద్దగా లేదు. మీ అమ్మాయికి ఉంది. ఆమెకు అలెక్స్ మోర్గాన్ గురించి చెప్పండి. అమెరికాలో యూనివర్సిటీ జట్టుకు ఆడుతూ డిగ్రీ పూర్తిచేసి, 2011లో ప్రొఫెషనల్ లీగ్ డ్రాఫ్ట్‌లో (క్లబ్‌లు వంతులవారీగా కొత్త క్రీడాకారిణులను ఎంచుకునే పద్ధతి) అందరికంటే ముందు ఎంపికైంది. 2020లో తల్లయింది. 2022లో 15 గోల్స్‌తో, తర్వాత వచ్చిన అమెరికా మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్‌లో గోల్డెన్ బూట్ గెలిచింది. అక్కడి యూనివర్సిటీలు క్రీడాకారిణులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి, దానికి చదువులో మార్కులు కూడా చూస్తాయి.

మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి: ఏజెంట్‌ను నమ్మొద్దన్నంత వరకు ఆయన భయం సరైనదే, కానీ ఆట మాన్పిస్తే ఆ అమ్మాయి చదువు మీద కూడా మనసు పెట్టదు. పద్దెనిమిదేళ్ల దాకా రెండూ సాగనివ్వండి. ఆ తర్వాత ఏదైనా క్లబ్ ఒప్పందం చేతికొస్తే, సంతకానికి ముందు ఒక లాయరుతో చదివించండి. గాయపడితే సర్జరీ ఖర్చు ఎవరిది, కోలుకునే నెలల్లో జీతం వస్తుందా, గర్భం దాలిస్తే ఏం జరుగుతుంది అన్నవి అందులో స్పష్టంగా రాసి ఉండాలి. ప్రసూతికి కనీసం 14 వారాల సెలవు, ఆ కాలానికి మూడింట రెండొంతుల జీతం ఇవ్వాలని 2021 నుంచి ఫిఫా నిబంధన ఉంది.