మానని పుండు, మారిన మచ్చ: పాఠకుల ప్రశ్నలకు చర్మవైద్యుల జవాబులు

అరవై దాటినవారి చర్మం గురించి, ఎండ దెబ్బ గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా మిర్చి, పత్తి చేలల్లో ఎండనపడి తిరిగాను. రెండేళ్ల కిందట ముక్కు పక్కన నల్లగా పుట్టుమచ్చలాంటిది లేచింది. అప్పుడు ఆవగింజంత, ఇప్పుడు కందిగింజంత. తువ్వాలుతో తుడుచుకుంటే రక్తం వస్తుంది, పక్కు కడుతుంది, ఊడుతుంది, మళ్లీ కడుతుంది. నొప్పి లేదు. సున్నం, సోడా కలిపి పెడితే రాలిపోతుందని మా ఊరి ఆర్‌ఎంపీ అంటున్నారు. పెట్టించుకోవచ్చా?
– ఒక రైతు, నరసరావుపేట

జవాబు: వద్దు. ముందు చర్మవైద్యుడికి చూపించి ముక్క పరీక్ష చేయించండి.

పుట్టుమచ్చలు పుట్టుకతోనో, మహా అయితే నలభై ఏళ్లలోపో వస్తాయి. అరవై దాటాక ముఖం మీద కొత్తగా లేచి, పెరుగుతూ, కాస్త ఒరుసుకుంటేనే రక్తం కారేదాన్ని పుట్టుమచ్చ అనుకోకూడదు. మీరు రాసిన లక్షణాలు బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌ను అనుమానించేలా ఉన్నాయి. తెల్లవారిలో ఇది గులాబి రంగులో ముత్యంలా కనిపిస్తుంది. మన రంగు చర్మంలో చాలాసార్లు నల్లగానే వస్తుంది, అందుకే ఏళ్ల తరబడి పుట్టుమచ్చగా చెలామణీ అవుతుంది. కిటికీ దగ్గర కూర్చుని, అద్దంలో పక్కవాటుగా చూడండి. అంచు సన్నని పూసలు గుచ్చినట్టు కొంచెం ఎత్తుగా, మైనం పూసినట్టు మెరుస్తూ, నడుమ గుంటపడి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. నొప్పి లేదన్నారు కదా, దీనికి మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి ఉంటే రెండేళ్లు ఆగేవారూ కాదు.

సున్నం, సోడా చేసేది ఒక్కటే, పైచర్మాన్ని కాల్చడం. పైన కనిపించేది రాలిపోతుంది, లోపల ఉన్నది అలాగే ఉంటుంది. దానిమీద మచ్చ కట్టి మూతలా కూర్చుంటుంది. అడుగున అది ఎముకవైపో, కంటివైపో తొలుచుకుపోతున్నా ఏడాది, రెండేళ్లు బయటపడదు. పైగా పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. బ్యూటీ క్లినిక్‌లలో కరెంటుతో, లేజర్‌తో మాడ్చినా ఇదే ఇబ్బంది. ఏ మచ్చనైనా కాల్చే ముందు అదేమిటో తేల్చుకోవాలి.

ముక్క పరీక్ష అంటే భయపడాల్సింది లేదు. లిగ్నోకైన్ మత్తు సూది వేసేటప్పుడు చురుక్కుమంటుంది, ఆ తర్వాత నొప్పి తెలియదు. 3 లేదా 4 మిల్లీమీటర్ల గుండ్రటి బ్లేడుతో ముక్క తీసి, ఒకటో రెండో కుట్లు వేస్తారు. పావుగంట పని. ముఖం మీద కుట్లు 5 నుంచి 7 రోజుల్లో విప్పుతారు. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి పంపాలి. మామూలు నీళ్లలోనో, సెలైన్‌లోనో వేసి మీ చేతికిచ్చి పక్క ఊరి ల్యాబ్‌కు పంపితే దారిలోనే పాడవుతుంది. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి. చర్మం మీద చిన్న కోత వల్ల కారే రక్తాన్ని నొక్కి పట్టి ఆపొచ్చు, మాత్ర మానేస్తే వచ్చే గుండెపోటును అలా ఆపలేం. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది మాత్రం వట్టి అపోహ.

రిపోర్టులో జబ్బు పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి, దాని రకం కూడా చూడండి. ‘నాడ్యులర్’ అని ఉంటే హద్దులు స్పష్టంగా ఉండే రకం. ‘ఇన్‌ఫిల్ట్రేటివ్’ అని ఉంటే వేళ్లు పాకే రకం, పైకి కనిపించేదానికన్నా లోపల ఎక్కువ ఉంటుంది. హద్దు తెలిసే చిన్న గడ్డకు చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మాన్ని కలిపి కోయడం రివాజు. ముక్కు మీద అంత చోటు ఉండదు. అందుకని పొర పొరగా తీస్తూ, ప్రతి పొరనూ అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూసి, ఎక్కడ మిగిలితే అక్కడే మళ్లీ కోసే మోస్ పద్ధతి మేలు. అది దొరకని చోట, తీసిన ముక్కను గడ్డకట్టించి ఆపరేషన్ మధ్యలోనే పరీక్షించే ఫ్రోజెన్ సెక్షన్ సాయంతో చేస్తారు. ఆపరేషన్ తర్వాత వచ్చే రెండో రిపోర్టులో అంచుల గురించి ఒక వాక్యం ఉంటుంది. అంచుల్లో జబ్బు ఉందని రాసి ఉంటే, మళ్లీ వచ్చాక చూద్దామని ఆగకుండా అప్పుడే ఇంకోసారి కోయించుకోవాలి. ఆపరేషన్‌కు శరీరం సహకరించని పెద్దవారికి రేడియేషన్ ఇస్తారు, దానికి కొన్ని వారాలు తిరగాలి.

ఈ రకం ఊపిరితిత్తులకో కాలేయానికో పాకడం చాలా అరుదు. కానీ వదిలేస్తే ముక్కును తినేస్తుంది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ ఆపరేషన్లు చేస్తారు. వెళ్లేటప్పుడు కార్డుతోపాటు బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు పట్టుకెళ్లండి. ఒకసారి వచ్చినవారికి ఇంకోచోట కొత్తది వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి చెవుల వెనకతో సహా ఒళ్లంతా చూపించుకుంటూ ఉండాలి.

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు. చిన్నప్పుడు కిరోసిన్ పొయ్యి అంటుకుని మోకాలి వెనక కాలింది. ఆ మచ్చ మీద ఎనిమిది నెలల కిందట పగులు వచ్చి పుండయింది. కట్టు కట్టిస్తూనే ఉన్నాం, షుగర్ వల్ల మానడం లేదంటున్నారు. ఈమధ్య వాసన వస్తోంది.
– హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: షుగర్ మీద నెపం వేసి ఇంకో నెల గడపకండి. పాత కాలిన మచ్చ మీద వచ్చిన పుండు నాలుగు వారాల్లో మానకపోతే ముక్క పరీక్ష చేయించాల్సిందే. మన దగ్గర చర్మ క్యాన్సర్‌కు ఎండ ఒక్కటే కారణం కాదు. చర్మంలోని నలుపు మనల్ని ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది, పాత గాయాల నుంచి కాపాడలేదు. కాలిన మచ్చ చర్మం బిగుసుకుని ఉంటుంది, రక్తప్రసారం తక్కువ, కీళ్ల దగ్గరైతే వంచినప్పుడల్లా చిట్లుతుంది. చిట్లడం, మానడం, మళ్లీ చిట్లడం... ఇలా ముప్పై, నలభై ఏళ్లు సాగాక అందులోంచి స్క్వామస్ సెల్ క్యాన్సర్ (చర్మం పైపొర కణాల్లో పుట్టే మరో రకం) మొదలవుతుంది. వైద్యంలో దీన్ని మార్జోలిన్ పుండు అంటారు. వాసన రావడం, అంచులు గట్టిపడి బయటికి తిరగడం, కాలీఫ్లవర్‌లా కండ పెరగడం దీని గుర్తులు.

ఒక జాగ్రత్త. ముక్కను పుండు నడిమధ్యలోంచి తీస్తే చీము, చచ్చిన కండ మాత్రమే వస్తాయి, ‘క్యాన్సర్ లేదు’ అని రిపోర్టు వస్తుంది. అంచు నుంచి, ఒకటికి మూడు నాలుగు చోట్ల తీయమని అడగండి. మొదటిసారి ఏమీ లేదని వచ్చినా పుండు మానకపోతే మళ్లీ తీయించాలి. గజ్జల్లో బిళ్ల కట్టిందేమో కూడా డాక్టరు చేతితో తడిమి చూడాలి, ఎందుకంటే కాలిన మచ్చలో పుట్టినది మామూలు రకంకన్నా త్వరగా పాకుతుంది. ఆపరేషన్‌లో చుట్టూ 2 సెంటీమీటర్ల దాకా మంచి చర్మాన్ని కలిపి తీసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతుకుతారు.

పనిలో పనిగా అమ్మగారి నడుము కూడా చూడండి. లంగా బొందు బిగించి కట్టే చోట ఏళ్ల తరబడి ఒరిపిడికి చర్మం నల్లబడి, పొట్టు లేచి, పుండుపడటం మన పల్లెల్లో అందరూ ఎరిగినదే. అక్కడా ఇదే క్యాన్సర్ వచ్చిన స్త్రీల గురించి మన దేశపు వైద్యులు పత్రికల్లో రాశారు. మచ్చపడ్డవారు సన్నని నాడా మానేసి వెడల్పు పట్టీ వేయించుకోవాలి. దాన్నీ రోజూ ఒకేచోట కాకుండా కాస్త పైకీ కిందికీ మార్చి, వదులుగా కట్టుకోవాలి.

ప్రశ్న: మడమ కింద రూపాయి బిళ్లంత నల్ల మచ్చ ఉంది. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుతున్నాను. అరికాలికి ఎండ తగలదు కదా, క్యాన్సర్ అయ్యే అవకాశం ఉందా?
– 61 ఏళ్ల పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఉంది. మనవారిలో మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) ఎక్కువగా వచ్చేది అరికాలు, అరచేయి, గోళ్ల కిందే. దానికీ ఎండకూ సంబంధం లేదు. ఆనెకాయ నల్లగా ఉండదు, పసుపు పచ్చగా గట్టిగా ఉంటుంది. చెప్పు ఒరుసుకుని రక్తం గడ్డకట్టినా నల్లగానే కనిపిస్తుంది, కానీ అది రెండు మూడు వారాల్లో పొట్టుతోపాటు రాలిపోతుంది. మీ మచ్చ రాలకుండా ఉంటే, అంచులు వంకరటింకరగా పాకుతుంటే, ఒకచోట నలుపు, ఒకచోట గోధుమ రంగు ఉంటే బ్లేడు పక్కన పెట్టి ఈ వారమే వెళ్లండి.

గోరు విషయంలో ఒక తేలికైన పరీక్ష ఉంది. దెబ్బ తగిలి నల్లబడితే ఆ నలుపు గోరుతోపాటు ముందుకు జరుగుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు, కాలి గోరు అందులో సగం పెరుగుతాయి. పక్కన స్కేలు పెట్టి నెలకో ఫొటో తీస్తే తెలిసిపోతుంది. నిలువు చార జరగకుండా వెడల్పవుతున్నా, గోటి మొదట్లోని చర్మానికి నలుపు దిగినా నెలలు లెక్కపెడుతూ కూర్చోకండి. మెలనోమా ఎంత లోతుకు దిగిందన్నదే ప్రాణానికి ముఖ్యం. 1 మిల్లీమీటరులోపు లోతుంటే చుట్టూ 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు కోస్తారు. లోతు పెరిగేకొద్దీ గజ్జల్లోని బిళ్లను కూడా పరీక్షించాల్సి వస్తుంది.

ప్రశ్న: వీపు మీద, బుగ్గల మీద నల్లని పులిపిర్లలాంటివి పదుల కొద్దీ వచ్చాయి. గోకితే పొట్టు రాలుతుంది. భయమేస్తోంది.
– ఒక గృహిణి, 64 ఏళ్లు, నంద్యాల

జవాబు: పైనుంచి అతికించినట్టుండి, కొవ్వొత్తి మైనం చుక్కల్లా కనిపిస్తే అవి సెబోరిక్ కెరటోసిస్. వయసుతో వచ్చేవే, క్యాన్సర్ కాదు, కాబోవు కూడా. బుగ్గల మీద ఆవగింజల్లా ఉండేవీ ఈ కుటుంబానివే, మీ అమ్మగారికో పెద్దమ్మగారికో ఉండే ఉంటాయి. ఇబ్బందైతే తీయించుకోండి, లేకపోతే వదిలేయండి. రెండు మూడు నెలల్లోనే గుంపులుగా, దురదతో వస్తే మాత్రం ఒకసారి ఫిజీషియన్‌ను కలవండి.

ప్రశ్న: పన్నెండేళ్లుగా బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న మాత్ర వేసుకుంటున్నాను. దానివల్ల చర్మ క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో చదివి వారం నుంచి మానేశాను.
– విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఈరోజే బీపీ చూపించుకోండి. వాట్సాప్‌లో వచ్చిందాంట్లో సగం నిజం ఉంది. ఈ మందు ఎండను చర్మం తట్టుకోలేకుండా చేస్తుంది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చర్మ క్యాన్సర్ హెచ్చరికను మందుతోపాటు వచ్చే సమాచార పత్రంలో చేర్చింది. వారి లెక్క ప్రకారం ఏడాదికి 16,000 మంది వాడితే అదనంగా సుమారు ఒకరికి స్క్వామస్ సెల్ క్యాన్సర్. మొత్తం 50,000 మిల్లీగ్రాములు దాటిన తెల్లవారిలో 6,700 మందికి ఒకరు. రోజుకు 12.5 మిల్లీగ్రాముల లెక్కన ఆ మోతాదు చేరడానికి దాదాపు 11 ఏళ్లు పడుతుంది, మీరు దాటేశారు. కానీ ఆ రెండో అంకె తెల్లచర్మం వారిది. మనకు ముప్పు అంతకంటే తక్కువే. బీపీ మాత్ర మానేస్తే వచ్చే పక్షవాతం ముప్పు ముందు ఇది చాలా చిన్నది. ఇదివరకు చర్మ క్యాన్సర్ వచ్చినవారు, బొల్లి మచ్చలున్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు మాత్రం మాత్ర మార్చమని తమ డాక్టరును అడగడం సబబు.

ప్రశ్న: నాకు తలమీద ముప్పై ఏళ్లుగా బొల్లి ఉంది, జుట్టు లేదు. తెల్లటి చోట గరుకు మచ్చలు వస్తే 5 శాతం ఫ్లోరోయురాసిల్ క్రీము రాశారు. తొమ్మిదో రోజుకు ఎర్రగా పచ్చిపుండైంది. పడలేదని ఆపేశాను.
– 72 ఏళ్ల పాఠకుడు, కరీంనగర్

జవాబు: పడక కాదు, పనిచేస్తోంది. ఆకురాయిలా చేతికి గరుగ్గా తగిలే ఆ మచ్చలు ఎండవల్ల వచ్చినవి. వాటిలో కొన్ని ముందుముందు క్యాన్సర్‌గా మారొచ్చు. ఈ క్రీము చెడ్డ కణాలను వెతికి చంపుతుంది. మొదటి వారం కాస్త ఎరుపు, రెండో వారం మంట, పచ్చిదనం, ఆపైన పక్కు. రోజుకు రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు వాడటం మామూలు, ఆపాక మానడానికి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది. ఈ సంగతి రాసేటప్పుడే చెప్పి ఉంటే మీరు ఆపేవారు కాదు, ఆ తప్పు మావాళ్లదే. ఎక్కడ దాకా పుండుపడాలో డాక్టరు చూసి నిర్ణయించాలి కాబట్టి ఫోన్ చేసి ఫొటో పంపండి. చీము, జ్వరం ఉంటే వెంటనే వెళ్లండి. పలచగా రాయాలి, వేలితో రాస్తే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కళ్లకు, పెదవులకు తగలనివ్వకూడదు. మంటకు పెట్రోలియం జెల్లీ చాలు. ఇంట్లో కుక్క ఉంటే ట్యూబు అందనివ్వకండి, కాస్త నాకినా దాని ప్రాణానికి ముప్పు.

ప్రశ్న: డిసెంబరులో మెల్‌బోర్న్‌లో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం, మూడు నెలలు ఉంటాం. చర్మ క్యాన్సర్ రాకుండా నికోటినమైడ్ మాత్రలు వేసుకోమంటున్నాడు. అవసరమా?
– దంపతులు, 66, 62 ఏళ్లు, హైదరాబాద్

జవాబు: అవసరం లేదు. నికోటినమైడ్ అంటే బి3 విటమిన్‌లో ఒక రకం. సిడ్నీలో 386 మంది మీద జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాములు ఏడాదిపాటు వాడితే కొత్త చర్మ క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి. అయితే వాళ్లంతా అంతకు ముందు ఐదేళ్లలో కనీసం రెండుసార్లు చర్మ క్యాన్సర్ వచ్చినవారు. పైగా మాత్ర ఆపగానే మేలూ ఆగిపోయింది.

అక్కడ మనవాళ్లు చేసే పొరపాటు వేరే. 22 డిగ్రీల చల్లగాలిలో నడుస్తూ ఎండ లేదనుకుంటారు. వేడి వేరు, అతినీలలోహిత (యూవీ) కిరణాలు వేరు. అక్కడి వేసవి మధ్యాహ్నం యూవీ సూచిక 11 దాటడం మామూలే. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఆ అంకె చూడండి. 3 దాటితే పొడుగు చేతుల చొక్కా, చుట్టూ అంచున్న టోపీ ఉండాలి. ముందు మాత్రమే అంచున్న క్రికెట్ టోపీ చెవులను, మెడను కాపాడదు. ఎండ తగలకుండా రాసే సన్‌స్క్రీన్ క్రీముల్లో ఎస్‌పీఎఫ్ (రక్షణ అంకె) 30 ఉన్నది సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం యూవీ-బి కిరణాలను ఆపుతాయి. తేడా ఒక్క శాతమే, రాసే మోతాదే అసలు సంగతి. చూపుడు వేలు, మధ్యవేలు పొడవునా రెండు చారలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. బయటికి వెళ్లే 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. 50 గ్రాముల ట్యూబు మీ ఇద్దరికీ మూడు నెలలూ వచ్చిందంటే మీరు రాసుకున్నది వాసన కోసమే. చెవి తమ్మెలు, కింది పెదవి, పాదాల పైభాగం, పాపిట తీసిన చోటు మర్చిపోకండి.